ముక్కు దగ్గర మూడు మిల్లీమీటర్లు

కారుండాల్సిన షెడ్డులో విమానం ఉంది! అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో రిటైరైన ఓ స్కూలు మాస్టారు ఎనిమిదేళ్లుగా ఒక్కో రివెట్టూ కొట్టుకుంటూ తయారుచేసుకున్న రెండు సీట్ల విమానమది. సగానికి పైగా పని ఔత్సాహికులే చేసుకోవాలన్నది అక్కడి నిబంధన. అలాంటి వాళ్లంతా ఏటా జులైలో అదే రాష్ట్రంలోని ఆష్‌కోష్‌లో కలుస్తారు, అచ్చం తిరనాళ్లలా.

రంగులు కూడా వేసేశాడు. పెరట్లో ఇంజిన్ నడిపి ఆపాక చూస్తే, కౌలింగ్ (అదే, ఇంజిన్‌కు తొడిగే ఫైబర్ తొడుగు) ముందంచున, కింది వైపు సన్నటి గీత. ప్రొపెల్లర్‌తోపాటు తిరిగే ముక్కుటోపీ అంచు అక్కడ రాసుకుంది. కొలిస్తే పైన 6 మిల్లీమీటర్ల సందు, కింద మూడే!

'నిలకడగా తిరిగేటప్పుడు తగలట్లేదు కదా' అనుకున్నాడు మాస్టారు. పాత మిత్రుడొకాయన నవ్వి, 'ఆపేటప్పుడు చూశావా?' అన్నాడు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. ఆగే ముందు పశువు ఒళ్లు విదిల్చినట్టు ఊగుతుంది. పైగా ఆ రబ్బరు నాలుగు రోజులకు అణిగి, ముక్కు ఇంకాస్త వాలుతుంది. అందుకే అనుభవజ్ఞులు మొదట్లోనే కాస్త ఎత్తి బిగిస్తారు. కంపెనీ విమానాలకైతే రెక్కకూ కదలని భాగాలకూ మధ్య కనీసం అరంగుళం ఉండాలని అమెరికా నిబంధనల్లో చాన్నాళ్లు రాసి ఉండేది. సొంత విమానానికి ఆ లెక్క అడిగేవారు లేరు. మరి, కొన్నాళ్లకు పక్కసీట్లో కూర్చోవాల్సింది ఆయన భార్య...

ప్రొపెల్లర్ వెనక దిమ్మ వేసి ముందుకు జరపొచ్చు. కానీ పొడవాటి బోల్టులు కావాలి, బరువు ముందుకు పోతుంది, తూకం మళ్లీ మొదటి నుంచీ చూసుకోవాలి. ఆ దారి వద్దనుకున్నాడు. ఇంజిన్ కింది బోల్టుల దగ్గర వాషర్లు వేశాడు. ముక్కు కొద్దిగా లేచింది. చాల్లేదు. ఇక మిగిలింది, మురిపెంగా రంగేసుకున్న కౌలింగ్‌ను కొయ్యడమే. రెండ్రోజులు రంపం ముట్టుకోలేదట!

మూడో రోజు కోశాడు. 6 మిల్లీమీటర్ల చెక్క చక్రం మధ్యలో పెట్టి, గాజుగుడ్డ, ఎపాక్సీతో అంచు మళ్లీ కట్టాడు. ఎండాక గీకి, చక్రం తీసేసి, అంచుకు కాగితం టేపు అంటించి ఇంజిన్ వేశాడు. ఆపాడు. భార్య టార్చి పట్టుకుంది. టేపు మీద గీత లేదు. ఆమె వంగి మరోసారి చూసి, 'రంగెప్పుడేస్తావు?' అంది.