జ్ఞాపకం తప్పిన యంత్రం

మరపు మానవ సహజమని పెద్దలంటారు. యంత్రానికి ఆ బలహీనత లేదని నేను చాలాకాలం నమ్మాను. 2016 జనవరిలో, మన వార్షిక సంచిక పుటలు కూర్చే రోజులలో, ఆ నమ్మకం పోయినది. (చోడవరం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనిదే, అనకాపల్లి జిల్లాలో చేరినది 2022లో.)

తెలుగు పుటలు కంప్యూటరుకు అంత బరువు కావు. ఉర్దూ నస్తాలీఖు సంగతి వేరు. అక్షరాలు ఒకదానిపై నొకటి వాలుతూ, ఏటవాలుగా దిగుతూ కలిసిపోతాయి. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తాలీఖును రూపొందించినప్పుడు వేల సంఖ్యలో అక్షర సంయోగాలను సిద్ధం చేయవలసి వచ్చినది. వీటికి తోడు ఛాయాచిత్రాలు. పుట తెరవడానికే నిమిషాలు పట్టేది. కమిటీవారు సొమ్ము మంజూరు చేయగా, పాత 4 జీబీ ర్యామ్ పక్కన మరొక 4 జీబీ ముక్క వేయించాము.

మరునాటి నుంచే ఉపద్రవం. ఉత్తరం టైపు చేస్తే ఏమీ కాదు. పుటలన్నీ తెరిచి బొమ్మలు చేర్చేసరికి తెర నీలమై, యంత్రం తనంత తాను మళ్ళీ మొదలయ్యేది. మూడు రోజులలో ఆరుసార్లు!

మొదట కరెంటును అనుమానించాను. మన ఊరిలో అది సులభమైన అనుమానం. తరువాత వైరస్ అనుకొన్నాను. మూడవ అనుమానం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. గోవాడ వైపు నుంచి వచ్చే బి.ఏ. విద్యార్థి ఒకడు, చెరకు రైతు బిడ్డ, సాయంకాలాలు మాకు టైపు చేసిపెట్టేవాడు. పెన్‌డ్రైవులో పాటలు తెచ్చుకొనేవాడు. రెండవ రోజున నేను దానిని నిషేధించాను. నాయనమ్మ చెప్పిన పాత సంగతులతో పదకొండు పుటల వ్యాసం వాడు నేరుగా ఆ యంత్రంలోనే వ్రాసుకొన్నాడు. ఆరవసారి యంత్రం పడిపోయినప్పుడు ఆ ఫైలు పాడైనది. వేరే ప్రతి లేదు. నేను అందరి ఎదుటా వానినే మందలించాను. "నేనేటీ చెయ్యలేదు సార్" అన్నాడు. మరునాడు రాలేదు.

ఆ రాత్రి నాకొక చిన్న ప్రశ్న తట్టినది. ఈ జబ్బు ఎప్పుడు మొదలైనది? కొత్త ముక్క వేసిన మరునాడు.

విద్యార్థులారా, ర్యామ్‌లోని ఒక్కొక్క బిట్టు ఒక సూక్ష్మమైన కెపాసిటరులో నిలిచే కొద్దిపాటి విద్యుదావేశం. ఈ అమరికకు 1968లో పేటెంటు పొందినవాడు ఐ.బి.ఎం.లోని రాబర్ట్ డెన్నార్డ్. ఆవేశం కారిపోతూ ఉంటుంది. సాధారణంగా 64 మిల్లీసెకన్లకు ఒకమారు తిరిగి నింపాలి. కోట్లాది గదులలో ఒక్కటి నిలుపుకోలేకపోయినా చాలు. అందులో ఉన్నది బొమ్మలోని చుక్క అయితే రంగు మారి ఊరుకొంటుంది. యంత్రాన్ని నడిపించే ఆజ్ఞ అయితే యంత్రమే ఆగుతుంది. చిన్న పనులకు ఆ గది వంతు రాకపోవచ్చు.

ప్లగ్గు తీసి, పెట్టె ఇనుమును తాకి ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకొని, నేనూ ఉర్దూ ఉపన్యాసకులూ రెండు ముక్కలనూ బయటకు తీశాము. బంగారు పూత అంచులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, క్లిప్పులు టక్కుమనే వరకు నొక్కాము. గుణం కనబడలేదు. పాత ముక్క ఒక్కటే ఉంచి మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామును రాత్రంతా నడిపించాము. అది ప్రతి గదిలోను ఒక గుర్తు వ్రాసి, తిరిగి చదివి సరిపోల్చుతుంది. మన పరీక్షల వంటిదే. కాపీకి మాత్రం వీలులేదు. ఒక్క తప్పు లేదు. మరునాడు కొత్త ముక్క ఒక్కటే పెట్టాము. అరగంటలోనే ఎర్రని వరుసలు. రెండవ స్లాటులోనికి మార్చినా అవే. దుకాణదారు మారుమాట లేకుండా వేరొకటి ఇచ్చాడు. దానినీ రాత్రంతా పరీక్షించిన పిదపనే పుటలు తెరిచాము.

ఆదివారం గోవాడ దారి పట్టాను. తప్పు నాదేనని వాని తండ్రి ఎదుట చెప్పాను. "పోన్లెండి మేష్టారూ" అని ఆయన కుర్చీ వేయించాడు. వాడు మాత్రం నేల చూస్తూ నిలుచున్నాడు. సోమవారం వచ్చి వ్యాసం మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడు పుటల వరకే గుర్తుకు వచ్చినది. నాయనమ్మను మరల అడగరాదా అన్నాను. ఆమెకు ఇప్పుడు అంతగా జ్ఞాపకం ఉండడం లేదన్నాడు.

ఆ ఏడు పుటలే అచ్చయినవి.