దంత్యములు

చాలాకాలంగా టపాలేవీ లేవేమని కుశలమడిగిన మిత్రులకు ఇదే నా సమాధానం. పన్ను ఊడింది. రాయడానికి పళ్ళతో పనేమిటంటారా? నోట పలికి చూసుకోనిదే వాక్యం రాసే అలవాటు లేదు నాకు.

ముప్పైయేళ్ళకు పైగా బడిపిల్లలకు వర్ణోత్పత్తి స్థానాలు బోధించినవాణ్ణి. త, థ, ద, ధ, న, ల, స దంత్యములు. చాప, జాడ అన్నప్పుడు పలికే చ, జలు కూడా ఆ కోవలోనివే. అంతటి పండితుడు నిరుడు మెట్ల మీద జారిపడి ముందరి పైపన్ను పోగొట్టుకున్నాడు. ఆపైన నా సకారం ఈలగా మారింది. పద్యం చదవబోతే ఎదుట కూర్చున్న మనుమడు పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. వాడు నవ్వినా బాగుండేది. ఆనాటి నుండి సభలకు పిలుపు వస్తే ఒంట్లో బాగులేదని తప్పించుకుంటూ వచ్చాను.

నాలుగు నెలలకు మా ఇంటావిడ పోరు పడలేక దంతవైద్యుని వద్దకు వెళ్ళాను. నా పూర్వశిష్యుడే.

"నాయనా, బాగా లావుపాటి మర చూసి బిగించు. మళ్ళీ ఊడకూడదు" అన్నాను.

"గట్టిగా ఉండవలసింది మర కాదు మాస్టారూ, దాన్ని పట్టుకునే ఎముక" అన్నాడు.

అతడు చెప్పిన దాని సారాంశమిది. సహజమైన పన్ను ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. నడుమ మిల్లీమీటరులో ఐదోవంతు మందాన నారపొర ఉంటుంది. నమిలినప్పుడు పన్ను అందులో ఇసుమంత కదిలి, బరువును వేరు పొడవునా పంచుతుంది. టైటానియం ఇంప్లాంటుకు ఆ మెత్త లేదు. అందుచేత ఒత్తిడి ఎక్కువగా దాని మెడ వద్ద, చిగురు కింది ఎముక అంచున పేరుకుంటుంది. మర పొడవు పెంచితే ఆ అంచుకు దక్కే ఊరట స్వల్పం; లావు పెంచితే మేలు. అయితే ముందరి పన్ను వద్ద పెదవి వైపు ఎముక పలుచన. లావు మర దానిని మరీ పలుచన చేస్తుంది. పైగా అక్కడ బరువు ఏటవాలుగా పడుతుంది, అది అంచుకు మరింత చేటు.

మర చుట్ల ఆకారంలోనూ విశేషముంది. ఎముక నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, పక్కకు జార్చే బలాన్ని ఓర్వలేదు. చదరపు చుట్లు ఆ జారుడును తగ్గించి, బరువును నొక్కుడుగా ఎముకకు అందిస్తాయి.

స్వీడన్ దేశస్థుడు బ్రెనెమార్క్ 1952లో కుందేలు కాలి ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తీయబోతే రాలేదట. ఎముక దానిని తనదిగా చేసుకుంది. 1965లో ఆయన తొలి రోగికి పెట్టిన మరలు 2006లో ఆ రోగి మరణించేదాకా నిలిచాయి. మర పెట్టాక వెంటనే బరువు మోపక, కొన్ని నెలలు ఎముకకు గడువివ్వడం ఆయన నేర్పిన ఓర్పు.

"అయితే అసలు బరువే పడకుండా చూస్తే ఎముకకు క్షేమం కదా?" అని అడిగాను.

"అది ఇంకా ప్రమాదం మాస్టారూ" అంటూ ఎక్స్‌రే చూపించాడు. పన్ను పోయిన చోట ఎముక అప్పుడే కొంత తరిగింది. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను దిద్దుకుంటుందని జర్మనీ వైద్యుడు వుల్ఫ్ 1892లోనే చెప్పాడట. మోయలేనంత పడితే క్షీణిస్తుంది, ఏమీ పడకున్నా క్షీణిస్తుంది.

ఇంటికి వస్తూ దారి పొడవునా ఆ మాటే తలచుకున్నాను. నాలుగు నెలలుగా నోట పద్యం పట్టలేదు. కంఠస్థమైనవి కొన్ని అప్పుడే రెండో పాదం వద్ద తడబడుతున్నాయి. కొత్త పన్ను వచ్చేదాకా ఆగితే ఇంకెన్ని తరిగిపోతాయో!

ఆ సాయంత్రమే మనుమణ్ణి పిలిచి, ఈలతోనే పద్యం చదివాను. వాడు ఈసారి నవ్వు ఆపుకోలేదు. నేనూ ఆపుకోలేదు. నవ్వయ్యాక "మళ్ళీ చదువు తాతయ్యా" అన్నాడు.

పోయిన నెల పన్ను అమరింది. జామకాయ దానితో కొరకవద్దని వైద్యుని ఆజ్ఞ. సకారం స్వస్థానానికి వచ్చింది.