బేకరిల కేకులేనా, కేకు సామాను కూడా అమ్మాల్నా?

మా సిరొంచల బస్టాండుకు దగ్గర్ల మా కొడుకు చిన్న బేకరి నడుపుతడు. ఒక్కటే మడిగె. వెనక ఓవెన్, ముందల అద్దాల ఫ్రిజ్. బన్నులు, టోస్టులు, ఖారీ, నాన్‌కటాయి, పఫ్‌లు దినాం పోతయి. కేకులు మాత్రం మా కోడలు చేస్తది. రోజుకు మూడో నాలుగో. లాభం మిగిలేది ఆ కేకుల మీదనే. బన్ను మీద మిగిలేది కరెంటు బిల్లుకు, కిరాయికే సరి.

రెండేండ్ల సంది ఆడోళ్ళు వచ్చి కొత్త సామాను అడుగుతున్నరు. "అక్కా, కేకు డబ్బ ఒక్కటి ఇస్తవా? కింద పెట్టే అట్ట ఉన్నదా? క్రీము ప్యాకెట్ అమ్ముతవా? పువ్వులు పెట్టే నాజిల్ ఉన్నదా?" ఫోన్ల చూసి ఇంట్లనే కేకులు నేర్చుకున్నరు అందరు. సామాను కావాలంటే ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాల పోవాలె. ఒక దినం పని పోతది, బస్సు కిరాయి పోతది. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి. 1982ల జిల్లా అయింది గని మాకు రెండు వందల కిలోమీటర్ల పైనే దూరం. ఒక అట్ట డబ్బ కోసం అంత దూరం ఎవరు పోతరు?

ఈ సామాను మనమే అమ్మాల్నా వద్దా అని ఇంట్ల పంచాయితి మొదలైంది. కొడుకు వద్దన్నడు. "నాయినా, సామాను మనమే ఇస్తే రేపు ఆళ్ళే కేకులు చేసి అమ్ముతరు. కూసున్న కొమ్మ నరుక్కున్నట్టు అయితది" అన్నడు. కోడలు అమ్మాలె అన్నది. "మామా, నువ్వు బొంబాయి, భివండి తిరిగినోనివి. నువ్వు చెప్పు" అని నా మీద పెట్టింది. చెప్పుడు అల్క కాదు. జూన్‌ల ఇద్దరు పిల్లల ఫీజు కట్టాలె. చేతిల ఉన్నది ఇరవై వేలు. అవి సరుకుల ఇరుక్కుంటే మళ్ళ రావు.

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. కని లెక్క రాసుడు మిల్లుల అలవాటైంది. ఒక నోటుబుక్కు పట్టుకోని పదిహేను దినాలు కౌంటర్ పక్కన కూసున్న. ఎవరు ఏం అడిగిండ్రో గీతలు పెట్టిన. మోంబత్తులు, కేకు మీద గుచ్చే పేర్లు నలభై మంది అడిగిండ్రు. డబ్బ, అట్ట ముప్పై ఒక్కరు. క్రీము పదిహేడు మంది. రంగులు తొమ్మిది మంది. నాజిల్లు ఐదుగురు. ఇంటిల్లిపాది మూడు దినాలు వాదులాడుకున్నది ఈ నాజిల్ల గురించే. అడిగినోళ్ళు ఐదుగురే!

ఇంకో సంగతి తెలిసింది. ఈ అడిగేటోళ్ళల్ల కేకులు అమ్మేటోళ్ళు నలుగురే. తతిమ్మ అందరు సొంత పిల్లల పుట్టినరోజుకు ఏడాదికి ఒకటో రెండో చేసుకునేటోళ్ళు. ఆళ్ళు మన దగ్గర ఎట్లాగూ కొనరు. ఆ నలుగురేమో మనం సామాను ఇయ్యకపోయినా ఆగరు. ఇప్పటికే మంచిర్యాల నుంచి తెచ్చుకుంటున్నరు. మనం లేదంటే పైసలు ఏరు దాటి పోతయి గని పోటీ తగ్గదు.

మన పత్రిక చదివే భివండి పద్మనగర్ వాళ్ళకు ఈ మాట తొందరగ సమజైతది. 1982 జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైనప్పుడు నేను బద్లీ కార్మికున్ని. ఏడాది దాటినా తెగలేదు. కడుపు చేత పట్టుకోని భివండి పోయి సాంచెల మీద పడ్డ. అక్కడ మా లైన్ల ఒక చిన్న దుకాణం ఉండేది. నాడెలు, కండెలు, పికర్లు, తోలు పట్టీలు అమ్మేటోడు. ఆయనకు సొంతంగ నాలుగు సాంచెలు కూడా ఉండె. పక్క షెడ్డోనికి నాడె అమ్మితే నా బట్టకు గిరాకి తగ్గుతది అని ఆయన ఎన్నడు అనుకోలే. బట్ట ధర పడిపోయిన ఏడాది ఆయన సాంచెలు ఆగినయి, దుకాణం మాత్రం నడిచింది. ఎవరి సాంచె నడిచినా నాడె అరుగుతది కదా.

అందుకే కొడుకుతోని అన్న: "ఆ నలుగురికి ఏం లేదో చూడు. క్రీము పూసుడు, పువ్వులు వేసుడు ఆళ్ళకు వచ్చు. పెద్ద ఓవెన్ లేదు. కుక్కర్ల చేస్తే అర కిలో దాటదు. మూడు కిలోల ఆర్డర్ వస్తే వదిలేసుకుంటరు. అలంకారం లేని ఉత్త స్పంజి కేకు మనం చేసి ఇద్దాం. పైన పని ఆళ్ళది, కింద కేకు మనది." ఈ మాటకు కొడుకు మెత్తబడ్డడు. పొద్దున బన్నులు దించినాక ఓవెన్ ఎట్లాగూ వేడిగనే ఉంటది.

తర్వాత సామాను మూడు కుప్పలు చేసుకున్నం.

మొదటి కుప్ప పాడు కానిది. డబ్బలు, అట్టలు, మోంబత్తులు, గుచ్చే పేర్లు, క్రీము నింపే సంచులు, తిరిగే పీట. ఏడాది ఉన్నా ఏం కాదు. ఇవి పెట్టినం. నాజిల్లు మాత్రం ఎక్కువ నడిచే నాలుగు రకాలే.

రెండోది క్రీము. దీన్ల మతలబు ఉన్నది. ఆ ప్యాకెట్‌ను మైనస్ 18 డిగ్రీల చలిల ఉంచాలె. వాడే ముందు రోజు ఫ్రిజ్‌ల పెట్టి మెల్లగ కరగనియ్యాలె. గిలక్కొట్టేటప్పుడు కూడా సల్లగ ఉండాలె. ఒకసారి కరిగి మళ్ళ గడ్డకట్టిన క్రీము సక్కగ పొంగదు. మా దగ్గర మే నెలల ఎండ 45 దాక పోతది, గాలి దుమారం వస్తే కరెంటు గంటలు గంటలు ఉండదు. పిల్ల పుట్టినరోజు నాడు క్రీము పొంగకపోతే ఆ తల్లి కరెంటోళ్ళను తిట్టదు, మనల్నే తిడతది. పెద్ద ఫ్రీజర్ కిస్తుల మీద తెద్దామని కొడుకన్నడు. నేను ఒప్పలే. మన కేకులకు పెట్టె ఎట్లాగూ తెస్తం. ముందుగల పైసలు కట్టి చెప్పినోళ్ళకు అండ్లనుంచే ప్యాకెట్ ఇస్తం. చెప్పనోళ్ళకు లేదు.

మూడోది రంగులు. ఇక్కడ నేను గట్టిగ నిలబడ్డ. భివండిల కొన్నేండ్లు రంగ్ ఖాతాల పని చేసిన. చిటికెడు పొడి తొట్టి నీళ్ళను ఎట్ల మారుస్తదో నాకు ఎరుకే. గులాబీ రంగు గోర్లల్ల నుంచి వారం దాక పోయేది కాదు. రోడమిన్ బి అని ఒక రంగు ఉన్నది, బట్టలకు అద్దేది. పీచుమిఠాయిల అది దొరికిందనే 2024 ఫిబ్రవరిల తమిళనాడు సర్కారు ఆ మిఠాయిని బంద్ చేసింది. బట్ట మీద వేసేది బిడ్డ కడుపుల పడ్డది. తినే వస్తువులల్ల వేసే కృత్రిమ రంగులు మన దేశంల ఎనిమిదికే పర్మిషన్ ఉన్నది. కేకుల కిలోకు 100 మిల్లీగ్రాములు దాటొద్దు. అంటే గ్రాముల పదో వంతు. ఈ లెక్క చెప్పకుండ పొట్లం చేతిల పెడితే కొన్న మనిషి చెంచాతోని వేస్తది, ఎర్రగ కావాలని.

అందుకని పొడి రంగు, విడి పొట్లం మా దుకాణంల ఉండదు. సీల్ ఉన్న సీసలే. దాని మీద పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, తయారైన తారీఖు, గడువు తారీఖు ఉండాలె. ఇచ్చేటప్పుడు "చుక్కలతోని వెయ్యి బిడ్డా, చెంచాతోని కాదు" అని కోడలు చెప్తది. ఒకామె అగ్గువ రంగు లేదా అని అలిగి పోయింది. పోనీ.

మొత్తం మీద పదిహేను వేలకు మించి సరుకు పెట్టలే. ఉద్దెర లేదు. ఇప్పటికి ఏడు నెలలైంది. డబ్బలు, మోంబత్తులు రెండు సార్లు తెచ్చినం. ఇంగ్లీషుల పెండ్లిరోజు అని ఉన్న గుచ్చే పేర్లు ఒక కట్ట అట్లనే పడి ఉన్నది. మరాఠీల పుట్టినరోజు అని ఉన్నయి జల్ది పోయినయి. తెలుగువి కూడా అడుగుతరు, మేము కొనే దుకాణంల దొరుకుతలేవు. మా పిల్లలు ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. కేకు మీదికి వచ్చేసరికి ఏ అక్షరాలు దొరికితే అవే.

మా కేకుల ఆర్డర్లు తగ్గలేదు, పెరగలేదు. ఉత్త స్పంజి మాత్రం వారానికి ఎనిమిది, తొమ్మిది కిలోలు పోతున్నది. జూన్ ఫీజు అప్పు లేకుండ కట్టినం.

మనోళ్ళు చాలామంది మిల్లు బందైనాక చిన్న దుకాణాలు పెట్టుకున్నరు. కొత్త సరుకు పెట్టాల్నా అని మనసు ఊగితే ముందుగల పదిహేను దినాలు గీతలు పెట్టుండ్రి. పాడయ్యేది ఏది, కానిది ఏది వేరు చెయ్యుండ్రి. కడుపుల పడే సరుకైతే మీ ఇంటి పిల్లలకు పెడతరా అని అడుక్కోండ్రి. పక్కామె పోటీకి వస్తదేమోనన్న భయానికి మాత్రం నా లెక్కల చోటు ఇయ్యలే. ఆమె కూడా జూన్‌ల ఫీజు కట్టాలె.