రోజుకో పేరు

రాత్రి భోజనాలయ్యాక మీరేం చేస్తారు? సీరియల్ చూస్తారు. లేదంటే ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిద్రలోకి జారుకుంటారు. నేనూ అంతే. జెస్ వేడ్ అనే ఆవిడ మాత్రం ఆ టైములో ఎవరో ఒక మనిషి గురించి రాస్తూ కూర్చుంటారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఆమె భౌతికశాస్త్రవేత్త. పగలంతా వెలుగునిచ్చే కొత్తరకం పదార్థాల మీద పరిశోధన, చీకటిపడితే వికీపీడియా. ఈ రెండో పనికి జీతం లేదు. వ్యాసం కింద 'రచన: ఫలానా' అని పేరు కూడా పడదు. దాదాపు రోజుకొకటి లెక్కన రాస్తూ వచ్చారు. 2022 నాటికే 1,700 దాటేశాయి!

రాసేది ఎక్కువగా ఆడవాళ్ళ గురించి. ప్రయోగశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఏళ్ళ తరబడి పనిచేసి, పక్క గదిలోవాళ్ళకి తప్ప బయటివాళ్ళెవరికీ తెలియకుండా ఉండిపోయిన శాస్త్రవేత్తల గురించి. ఇంగ్లిష్ వికీపీడియాలో ఉన్న జీవితచరిత్రల్లో ఆడవాళ్ళవి 2014లో నూటికి 15 దాకా ఉండేవి. వేడ్ లాంటివాళ్ళు ఎందరో కలిసి రాయగా రాయగా ఇప్పుడు 20కి అటూఇటూ చేరాయి. ఇన్నేళ్ళ కష్టానికి ఐదు మెట్లు. బ్రిటన్ ప్రభుత్వం 2019లో ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చింది. ఆ పతకం సంగతి అలా ఉంచండి. నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఆమె రాసిన పేజీల్లో కొన్నింటిని తీసేశారు.

ఎందుకు తీసేస్తారో తెలియాలంటే ముందు డోనా స్ట్రిక్లాండ్ కథ చెప్పాలి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. లేజర్ కాంతిని సాగదీసి, బలం పెంచి, మళ్ళీ కుదించే పద్ధతిని 1985లో తన గురువు జెరార్ మూరూతో కలిసి కనిపెట్టింది ఆవిడే. కంటి ఆపరేషన్లకు వాడే కొన్ని లేజర్ల వెనక ఉన్నది ఆ పద్ధతే. 2018 మే నెలలో ఎవరో ఆమె మీద ఒక వ్యాసం రాసి వికీపీడియాకు పంపారు. ఈమె ప్రముఖురాలని చూపించే ఆధారాలు చాలవంటూ అక్కడి స్వచ్ఛంద కార్యకర్త ఒకరు తిప్పికొట్టారు. అక్టోబరు 2న భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. పంచుకున్నవాళ్ళలో ఆవిడ పేరుంది! 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గెప్పర్ట్ మేయర్, ఆ తర్వాత 55 ఏళ్ళకు ఈమె. మూరూ గారికి మాత్రం వికీపీడియాలో పేజీ ఎప్పటినుంచో ఉంది.

ఆ కార్యకర్తను తిట్టుకోవడం తేలిక. కానీ ఆ నిబంధన పెట్టింది ఊరికే కాదు. ఒక మనిషి గురించి పేజీ ఉండాలంటే, ఆ మనిషితో సంబంధం లేని వాళ్ళెవరైనా... ఓ పత్రికో, ఓ పుస్తకమో... అంతకుముందే వివరంగా రాసి ఉండాలి. తెలుగు వికీపీడియాలో దీన్ని 'విషయ ప్రాముఖ్యత' అంటారు. ఇదే లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. మన సెంటర్లలో ఫ్లెక్సీల మీద దండం పెడుతూ కనిపించే యువనాయకులందరికీ తలా ఒక పేజీ లేచేది, అన్నప్రాశన ఫొటోతో సహా.

అయితే ఆ జల్లెడలో నిలవాల్సినవాళ్ళు కూడా జారిపోతున్నారు. వేడ్ 2018లో క్లారిస్ ఫెల్ప్స్ అనే నల్లజాతి రసాయనశాస్త్రవేత్త గురించి రాశారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో బెర్కీలియం అనే మూలకాన్ని శుద్ధిచేసిన బృందంలో ఫెల్ప్స్ ఒకరు. శుద్ధిచేసింది మొత్తం 22 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు కూడా కాదు. ఏడాది తిరిగేలోపు అందులో సగం మిగలదు. దాన్ని ఆదరాబాదరాగా రష్యా పంపి, అక్కడ 117వ మూలకాన్ని పుట్టించారు. ఆవర్తన పట్టికలో ఇప్పుడు టెన్నెసిన్ అన్న గడి ఉంది చూడండి, అదే. అలాంటి మనిషి పేజీని 2019లో తొలగించారు. పెద్ద పత్రికలేవీ ఆమె గురించి విడిగా రాయలేదని కారణం. వాదోపవాదాలు నడిచాయి, ఈలోగా ఆమె గురించి బయట రాతలు పెరిగాయి, 2020లో పేజీ తిరిగొచ్చింది.

స్ట్రిక్లాండ్ గొడవ జరిగినప్పుడు వికీపీడియాను నడిపే సంస్థ అధిపతిగా కేథరిన్ మాహెర్ ఉండేవారు. ఆవిడ ఒక పత్రికకు రాసిన వ్యాసంలో, మాది అద్దం మాత్రమే, లోకంలో ఉన్న పక్షపాతమే ఇందులో కనిపిస్తుంది అన్న అర్థంలో జవాబిచ్చారు. అంటే బంతి మా కోర్టులోకి వచ్చింది. మేం రాస్తేనే ఆధారం. మేం రాయకపోతే, ఎంత పనిచేసినా ఆ మనిషి అక్కడ లేనట్టే. పత్రికాఫీసులో కూర్చున్నవాళ్ళకి ఇది చదివాక టీ సయించదు.

మా మేనత్త లెక్కల టీచరు. ఆఖరి తొమ్మిదేళ్ళు హెడ్‌మిస్ట్రెస్. రేకుల షెడ్డులో ఉన్న హైస్కూలుకు ఊరూరా తిరిగి చందాలు పోగుచేసి నాలుగు గదులు కట్టించింది. ఆడపిల్లలు ఏడో తరగతితో ఆగిపోకుండా వాళ్ళ ఇళ్ళకెళ్ళి నాన్నలతో పోట్లాడేది. ఆవిడ ట్రంకుపెట్టెలో 1978 నాటి పత్రిక ముక్క ఒకటుంది. ఆ గదుల ప్రారంభోత్సవం ఫొటో. ఎడమ నుంచి రెండో మనిషి మా అత్తే, చేతిలో కత్తెర పళ్ళెం పట్టుకుని. కింద రాసింది ఇదీ: 'చిత్రంలో సమితి ప్రెసిడెంటు, సర్పంచి, తదితరులు.' ఎవరైనా ఇంటికొస్తే ఆ ముక్క తీసి చూపించి, "ఇదిగో, ఈ తదితరులు నేనేనమ్మా" అని నవ్వేది. ఆవిడ మీద ఎవరైనా పేజీ రాయాలనుకుంటే దొరికే ఆధారం ఆ ఒక్కటే. అందులో ఆవిడ పేరే లేదు.

తెలుగులో ఈ పని మరీ కష్టం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పుట్టింది, వ్యాసాలు లక్ష దాటాయి. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పడుకోబెట్టి, రిటైరయ్యాక పొద్దుపోక... రకరకాల వాళ్ళు రాస్తుంటారు. ఒక తారీఖు ఖాయం చేసుకోవడానికి గ్రంథాలయాల్లో పాత సంచికల దుమ్ము దులుపుతారు. పాత పత్రికలన్నీ కంప్యూటర్లోకి ఎక్కలేదు. ఎక్కినవాటిలోనూ వెతికితే దొరికేవి ఎక్కువగా సభాధ్యక్షుల పేర్లే. స్వాగతం పలికిన ఆమె, వందన సమర్పణ చేసిన ఆమె ఎవరో కనుక్కోవడం సీఐడీ పనే.

వేడ్ చేస్తున్నదాంట్లో నాకు నచ్చింది ఆ అంకె కాదు. వెయ్యి రాసినవాళ్ళు, పదివేలు రాసినవాళ్ళు ఇంకా ఉన్నారు. తీసేస్తారేమో అని తెలిసినా మర్నాడు రాత్రి ఇంకొకరి గురించి రాయడానికి కూర్చుంటారే, అది. రాసేముందు ఆధారాల కోసం వెతకడం ఉంటుంది. ఉద్యోగంలో భాగంగా రాసే మాబోటివాళ్ళకే ఒక్కోరోజు ఆ వెతుకులాట విసుగు పుట్టిస్తుంది.

మొన్న జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. వ్యవసాయ పరిశోధన చేసిన ఒకామెకు సన్మానం. మొదటి పేరాలో సన్మానం చేసినవాళ్ళ పేర్లు, హోదాలతో సహా ఆరుగురివి. ఆమె పేరు, ఆమె చేసిన పని నాలుగో పేరాలో. పేజీలో చోటు చాల్లేదు. పేజీ పెడుతున్న కుర్రాడు అలవాటు కొద్దీ కింద నుంచి ఐదు లైన్లు కోసేస్తానన్నాడు.

పైనుంచి కొయ్యమన్నాను.