కొసరు

"పర్సులో మిగిలింది: 34 కోట్లు."

మా చిన్నవాడి నోటు పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి ఉన్న ఆ మాట చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆ రోజు నా పర్సులో ఉన్నవి సరిగ్గా మూడు వందల నలభై రూపాయలు! గ్యాస్ బండ అయిపోవచ్చింది. పాలవాడికి బాకీ. ఒకటో తారీఖు ఇంకా నాలుగు రోజులుంది.

2023 నవంబరు నెలాఖరు సంగతి ఇది. మేముండేది సికింద్రాబాదు సీతాఫల్‌మండిలో, రైళ్ళ చప్పుడు వినబడే సందులో రెండు గదుల వాటా. పాత కాగితాలవాడికి వేద్దామని పుస్తకాలు సర్దుతుంటే ఈ నోటు పుస్తకం బయటపడింది. లెక్కల పుస్తకమేమో అనుకున్నాను. లెక్కలే, కాకపోతే ఎవరివో కోట్ల లెక్కలు!

"ఏమిట్రా ఇది?" అన్నాను.

"వేలం పాటమ్మా. మన సన్‌రైజర్స్ వాళ్ళు ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదిలెయ్యాలి, ఎవర్ని కొనాలి... నా ప్లాను."

"వాళ్ళు నిన్నడిగారా?"

"అడగరు. అయినా ఆలోచించొచ్చు కదా!"

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే వాడు ఆ ఏడాదే ఇంటర్ లెక్కల్లో తప్పి, సప్లిమెంటరీలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఇంజనీరింగు సీటు రాలేదు. ఏడాదంతా ఖాళీ. సాయంత్రాలు జిరాక్స్ షాపులో కూర్చుంటున్నాడు. మా వారు పనిచేసే కంపెనీ 2020లో కరోనా రోజుల్లో మూతపడ్డాక, దొరికిన ఉద్యోగంలో జీతం సగమే. పెద్దవాడి ఇంజనీరింగు ఫీజులకి నా నాలుగు గాజులూ అప్పటికే వెళ్ళిపోయాయి. ఇక చిన్నవాడి కోసమని నెలకు 5 వేల చొప్పున 40 నెలల చీటీ ఒకటి కడుతున్నాను. ఆ 2 లక్షల చీటీ పాడి, డొనేషన్ కట్టి, వచ్చే ఏడైనా వీణ్ణి ఎక్కడో ఒకచోట ఇంజనీరింగులో కూలెయ్యాలని నా ప్లాను. వీడేమో కూర్చుని సన్‌రైజర్స్‌కి ప్లాను వేస్తున్నాడు!

కానీ ఆ సాయంత్రం దోసెల పిండి రుబ్బుతూ వాడు చెప్పింది వింటే, ఇందులో నాకు తెలియనిదేమీ లేదే అనిపించింది.

ఆ ఏడాది సన్‌రైజర్స్ 14 మ్యాచులాడి నాలుగే గెలిచారు. పది జట్లలో పదో స్థానం. 13 కోట్ల 25 లక్షలు పోసి కొన్న హ్యారీ బ్రూక్ అనే ఇంగ్లండు కుర్రాడు ఒక సెంచరీ అయితే కొట్టాడు గానీ, 11 మ్యాచుల్లో మొత్తం చేసింది 190 పరుగులు. అతన్ని వదిలేస్తే అతని ధర మళ్ళీ వీళ్ళ పర్సులోకే వస్తుంది. అలా ఇంకొందర్ని కూడా వదిలి 34 కోట్లు మిగుల్చుకున్నారు. ఖాళీలు ఆరు. అందులో విదేశీయులకి మూడే. ఒక్కడి మీదే మోజుపడి అంతా పోసేస్తే మిగతా ఖాళీలు నింపడం కష్టం. పెళ్ళివారికి విందు చేస్తూ జీడిపప్పుకే డబ్బంతా తగలేస్తే కూరగాయలు దేనితో తెస్తాం చెప్పండి!

"మరి వేలం లేకుండా మార్చుకోవడం ఉండదా?" అన్నాను.

"ఉంటుంది. ట్రేడ్ అంటారు. మొన్ననే మన మయాంక్ డాగర్‌ని బెంగళూరుకిచ్చి షాబాజ్ అహ్మద్‌ని తెచ్చుకున్నారు."

"పాత బట్టలకి స్టీలు సామాన్లు వేయించుకోవడంలాగా!"

వాడు పకపకా నవ్వాడు. "అచ్చం అంతే! 2018లో శిఖర్ ధావన్‌ని అలాగే ఇచ్చేశారు తెలుసా?"

ఆ బేరం వాడు చెబుతుంటే రుబ్బడం ఆపి మరీ విన్నాను. ధావన్ సన్‌రైజర్స్‌కి పట్టుచీరలాంటివాడు. 2016లో కప్పు తెచ్చినప్పుడు ఉన్నవాడు. 5 కోట్ల 20 లక్షల మనిషి. 2018 నవంబరులో అతన్ని ఢిల్లీకిచ్చి ముగ్గుర్ని తెచ్చుకున్నారు. విజయ్ శంకర్ 3 కోట్ల 20 లక్షలు, షాబాజ్ నదీమ్ 3 కోట్ల 20 లక్షలు, అభిషేక్ శర్మ అని ఓ పద్ధెనిమిదేళ్ళ పిల్లాడు 55 లక్షలు. ధరల్లో తేడాకి సన్‌రైజర్స్ వాళ్ళే ఎదురు డబ్బు కట్టారు.

"అంటే రెండు పెద్ద గిన్నెలు, కొసరుగా ఓ చెంచా!" అన్నాను.

"అప్పుడందరూ అలాగే అనుకున్నారమ్మా. ఇప్పుడా గిన్నెలు రెండూ మన దగ్గర లేవు. చెంచా ఒక్కటే మిగిలింది. 2022లో మళ్ళీ వేలంలోకొస్తే ఆరున్నర కోట్లు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చింది" అన్నాడు.

లెక్కలు తప్పినవాడు ఈ లెక్కలన్నీ పుస్తకం చూడకుండా చెబుతున్నాడు. నేను వాడి మొహంకేసి చూస్తూ ఉండిపోయాను.

అసలు సంగతి ఆ రాత్రి తెలిసింది. అందరూ పడుకున్నాక ఆ పుస్తకం మళ్ళీ తిరగేశాను. ఆఖరి పేజీలో సన్‌రైజర్స్ లేరు. మేమున్నాం. నాన్న, ఉంచుకోవాలి. అన్నయ్య, కెప్టెన్. అమ్మ, వికెట్ కీపర్. పక్కన బ్రాకెట్లో "అందరూ వదిలేసినవి పట్టుకుంటుంది" అని రాశాడు. దాని కింద నా చీటీ లెక్క. ఎన్ని నెలలు కట్టానో, ఇప్పుడు పాడితే తోసుబాటు పోగా చేతికెంత రావచ్చో, డొనేషన్‌కి ఎంత తక్కువ పడుతుందో, దాని మీద నాలుగేళ్ళ ఫీజులెంతో. నేను ఏనాడూ వాడికి చెప్పని లెక్క, రూపాయి తేడా లేకుండా వేశాడు.

అన్నిటికన్నా కింద వాడి పేరు. దాని ఎదురుగా ఒకే ఒక్క మాట: "అన్‌సోల్డ్".

ఎవరూ పాడలేదు, ఎవరికీ అక్కర్లేదు అని అర్థం.

నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఆ మాట వాడిది కాదు, నాది. అంతకు నెల క్రితం డాబా మీద వడియాలు ఎత్తుతూ పక్కింటి వదినగారితో అన్నాను... "పెద్దవాడితో దిగులు లేదు వదినా, గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చింది. చిన్నవాడే, ఎవరికీ అక్కర్లేనివాడయ్యాడు." బెంగతో అన్నమాటే. కానీ మెట్ల మీద ఎవరున్నారో నేను చూసుకోలేదు.

మనం ఎన్నిసార్లు ఇలా అనేస్తాం! మార్కుల గురించి, రంగు గురించి, పెళ్ళి కుదరకపోవడం గురించి. అన్నవాళ్ళం మర్చిపోతాం. విన్నవాళ్ళు ఆఖరి పేజీలో రాసుకుంటారు.

మర్నాడు అడుగుదామంటే నోరు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అలా మూడు వారాలు గడిచాయి.

డిసెంబరు 19న దుబాయిలో వేలం. టీవీ ముందు వాడి పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూశాను. ట్రావిస్ హెడ్‌ని సన్‌రైజర్స్ 6 కోట్ల 80 లక్షలకి పాడారు. వాడి పుస్తకంలో 7 కోట్లకి రాసుకున్నాడు. "చూశావా, 20 లక్షలు మిగిలాయి!" అని ఎగిరి గంతేశాడు. తరువాత ప్యాట్ కమిన్స్‌ని 20 కోట్ల 50 లక్షలకి కొనేసరికి మొహం మాడ్చుకున్నాడు. అంతకుముందు ఐపీఎల్‌లో ఎవరికీ పలకని ధర అది. "ప్లాను తప్పింది. ఇంత పెట్టకూడదు" అని గొణిగాడు. నేనూ అదే అన్నాను. మా ఇద్దరి లెక్కా తప్పే అయ్యిందనుకోండి, అది తరవాతి మాట.

ఆ రోజే ఇంకోటి చూశాను. దక్షిణాఫ్రికా ఆటగాడు రైలీ రొసో పేరు మొదట పిలిచినప్పుడు ఒక్కరూ చెయ్యెత్తలేదు. అన్‌సోల్డ్ అన్నారు. చివర్లో మిగిలిపోయినవాళ్ళ పేర్లు మళ్ళీ పిలిచారు. అదే మనిషిని పంజాబు వాళ్ళు 8 కోట్లకి కొన్నారు.

"అదేమిట్రా? పొద్దున్న వద్దన్నవాడు సాయంత్రానికి 8 కోట్లా?"

"మనిషి మారలేదమ్మా. కొనేవాళ్ళ అవసరం మారింది. అన్‌సోల్డ్ అంటే అయిపోయినట్టు కాదు. మళ్ళీ పిలుస్తారు."

"మరి నీ పేరు పక్కన అలా ఎందుకు రాసుకున్నావు?" ఇన్నాళ్ళూ నోరు రాని మాట అప్పుడు దానంతటదే వచ్చేసింది.

వాడు టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. "డాబా మీద నేనన్నమాట తప్పురా. నువ్వు విన్నావని కాదు, అనడమే తప్పు" అన్నాను. తల్లి కొడుక్కి తప్పైందని చెప్పడం మన ఇళ్ళల్లో అలవాటు లేని పని. చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి చెప్పాను.

చాలాసేపటికి అన్నాడు, "ఇంజనీరింగు వద్దమ్మా. నాకోసం చీటీ పాడొద్దు. బీకాం చదువుతా. లెక్కలు రావని కాదు, ఆ లెక్కలు రావు, అంతే."

ఆ రాత్రి వాళ్ళ నాన్నగారితో పెద్ద యుద్ధమే అయింది. "నలుగురిలో తలెత్తుకోవద్దా?" అన్నారాయన. నాకూ బెంగే, దాచడం ఎందుకు? కానీ ఆఖరి పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. చీటీ లెక్క చూశారు. దాని కింద మాటా చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంకేం మాట్లాడలేదు. నేను పెన్ను తీసుకుని "అన్‌సోల్డ్" కొట్టేసి, పక్కన "ఉంచుకున్నాం" అని తెలుగులో రాశాను.

తరువాతి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2024 మార్చి 27న ఉప్పల్లో సన్‌రైజర్స్ ముంబయి మీద 277 పరుగులు చేశారు. అప్పటికి ఐపీఎల్‌లోనే అంత పెద్ద స్కోరు లేదు. హెడ్ 24 బంతుల్లో 62. మన కొసరు కుర్రాడు అభిషేక్ 23 బంతుల్లో 63! 20 లక్షలకి తెచ్చుకున్న విశాఖ అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి కూడా ఆ ఏడే వెలుగులోకొచ్చాడు. కమిన్స్ కెప్టెన్‌గా, ముందేడు అట్టడుగున ఉన్న జట్టుని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. అందుకే మా లెక్క తప్పిందన్నాను. ఆ శీతాకాలం అభిషేక్‌ని 14 కోట్లకి అట్టేపెట్టుకున్నారు.

అయితే కప్పు రాలేదు. మే 26న చెన్నైలో 113కే అందరూ అవుటై కోల్‌కతా చేతిలో ఓడిపోయారు. మా ఇంట్లోనూ అన్నీ జరిగిపోలేదు. వాడు 2024లో దోస్త్ ద్వారా బీకాంలో చేరాడు, మొదటి సెమిస్టర్‌లోనే ఒక సబ్జెక్టు తప్పాడు. కూర్చుని చదివి, మళ్ళీ రాసి పాసయ్యాడు. చీటీ డబ్బులో కొంత పెట్టి నేను జాకెట్లు కుట్టే మిషను, ఫాల్స్ కొట్టే పికో మిషను కొన్నాను. ఆ కొట్టు లెక్కలు వాడే రాస్తాడు. ఎవరు ఎంత బాకీయో నాకన్నా వాడికే బాగా తెలుసు.

మోండా మార్కెట్లో కూరలు కొన్నప్పుడు ఆఖర్న కొసరుగా రెండు రెబ్బలు కరివేపాకు పడేస్తారు చూడండి, దాన్ని మనం లెక్కలో వేసుకోం. ఇంటికొచ్చి పోపు వేశాక గానీ దాని విలువ తెలియదు.

2025లో సన్‌రైజర్స్ మళ్ళీ ఆరో స్థానానికి దిగిపోయారు. ఆ నవంబరులో షమీని లక్నోకి పంపేశారని వినగానే మా వాడు కొత్త నోటు పుస్తకం తీశాడు. "అమ్మా, ఒక పేజీ నువ్వు తీసుకో, సంక్రాంతి ఖర్చులు రాసుకుందువు గాని" అన్నాడు.

తీసుకున్నాను. ఆఖరి పేజీ మాత్రం తిప్పి చూశాను. ఖాళీగానే ఉంది.