అప్రదక్షిణం

నాన్నగారి ఇనప్పెట్టెలో ఒక పాత కాలెండరు కాగితం ఉండేది. అయిదు శిఖరాలు, వాటి నీడ పడిన కొలను, పక్కన తాటిచెట్లు. ఆ తాటిచెట్ల వల్ల అది మా ఊరి దగ్గరే ఎక్కడో ఉందని చిన్నతనంలో నా నమ్మకం. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పిన ఆయనకు అంగ్‌కోర్ వాట్ చూడాలన్నది ఒక్కటే పెద్ద కోరిక. "ఉద్యోగంలో కుదురుకున్నాక నేనే తీసుకెళ్తాను లెండి" అని 2009లో మాట ఇచ్చాను. ఆ తరువాత ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అయింది. 2016 వేసవిలో ఆయన వెళ్ళిపోయారు.

చివరికి 2018 డిసెంబరులో అమ్మను వెంటబెట్టుకుని కంబోడియా వెళ్ళాను. బాకీ పడినవాడు లేకుండా బాకీ తీర్చడానికి వెళ్ళినట్టుంది నా ప్రయాణం.

సియెమ్ రీప్ నుంచి ఆటోలాంటి బండిలో పొద్దున్నే బయలుదేరాము. మాకు కుదిరిన గైడు నలభై అయిదేళ్ళ మనిషి. అమ్మను చూడగానే చేతులు జోడించి "యేయ్" అన్నాడు. పెద్దావిడలను అక్కడ అలా పిలుస్తారట. అతని ఇంగ్లీషు నేను అమ్మకు తెలుగులో చెప్పడం, అమ్మ తెలుగును అతనికి ఇంగ్లీషులో చెప్పడం, రోజంతా ఇదే నా పని.

గుడి చుట్టూ ఉన్న అగడ్త వెడల్పు సుమారు 190 మీటర్లు. దాన్ని దాటుతున్నంతసేపూ అమ్మ ఏమీ మాట్లాడలేదు. పడమటి గోపురంలోకి అడుగుపెట్టగానే కుడిపక్కన ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉన్నాడు. మెడలో పసుపుపచ్చ వస్త్రం, ముందు అగరువత్తులు, పళ్ళు. అమ్మ చేతిసంచిలోంచి కుంకుమ పొట్లం తీయబోయింది. "ఎండెక్కకముందే లోపల చూడాలమ్మా, వచ్చేటప్పుడు ఆగుదాం" అని తొందరపెట్టాను. నా నోటివెంట ఎంత సులువుగా వస్తుందో ఆ మాట!

12వ శతాబ్దం మొదటి సగంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కోసం ఈ ఆలయం కట్టించాడు. నడిమి శిఖరం నేలమట్టం నుంచి 65 మీటర్లు. "చూశావా అమ్మా, ఇదంతా మనవాళ్ళు కట్టిందే" అన్నాను గొప్పగా. ఆ మాట అనువదించమని గైడు అడిగితే, నసుగుతూనే చెప్పాను. అతను నవ్వి, "రాయి మా కూలేన్ కొండలది. మోసింది మా తాతలు. కథ మీది" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఎంతమంది భారతీయుల నోట ఎన్నిసార్లు విన్నాడో నా మాట!

ప్రాకారం గోడల మీది శిల్పాలు చూడటానికి కుడివైపు తిరిగాము. నాలుగడుగులు వేసి అమ్మ ఆగిపోయింది. "ఒరే, ఇది అప్రదక్షిణంరా. గుడి మన ఎడమచేతి వైపుంది."

గైడుకు చెప్పాను. ఆమె కనిపెట్టినందుకు అతను ముచ్చటపడ్డాడు. ఇక్కడి గోడల మీద కథలు అలాగే సాగుతాయట. ఆలయం పడమటి ముఖంగా ఉండటమూ, శిల్పాల వరస అప్రదక్షిణంగా నడవటమూ చూసి, ఇది రాజు మరణానంతరం కోసం తలపెట్టిన కట్టడమని కొందరు పండితులు అన్నారు. పడమర విష్ణువు దిక్కు కాబట్టే అలా కట్టారని మరికొందరి వాదం. అమ్మకు మొదటి మాటే చాలింది. చితి చుట్టూ భుజాన కుండతో నేను తిరిగింది కూడా ఇటువైపే. ఇద్దరికీ అదే గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆమె కొంగు సర్దుకుని, "పద" అంది.

ఆ తరువాత గైడు నేనో, అతనో కాదు, అమ్మే. కురుక్షేత్రం గోడ దగ్గర అంపశయ్య మీది భీష్ముణ్ణి మా ఇద్దరికంటే ముందే పోల్చుకుంది. దక్షిణపు గోడ మీద సూర్యవర్మ సైన్యం ఊరేగుతూ ఉంటే, "ఈ కథ నాకు తెలియదు" అని ముందుకు నడిచింది. ఆ పక్కనే దున్నపోతు మీద యముడు, చిత్రగుప్తుడు, పైన స్వర్గాలు, కింద నరకాలు. నరకాలు ముప్పైరెండు. వాటి పేర్లు పక్కన చెక్కి ఉన్నాయి. గైడు చదువుతూ పోయాడు: అవీచి, రౌరవం, వైతరణి. ఒక్కొక్క పేరుకూ అమ్మ తల ఊపింది. మధ్యలో నా అనువాదం అవసరం లేకుండా వారిద్దరూ మాట్లాడుకున్నది అప్పుడే.

తూర్పు గోడ మీద క్షీరసాగరమథనం. సుమారు 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది అసురులు, మరొకవైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణువు, అడుగున కూర్మం. అమ్మ ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచి, దేవతల వరస కొస దగ్గర నిలబడిపోయింది. వాసుకి తోక పట్టుకుని ఉన్నది వానరుడు.

"ఆంజనేయుడా? ఆయన పాలకడలి చిలికినప్పుడు ఎక్కడున్నాడురా?"

"మా కథలో ఉన్నాడు" అన్నాడు గైడు.

అమ్మ కాసేపు ఆలోచించి, "ఉంటే మంచిదే. బలమైనవాడు" అంది. "కథ మీది" అని పొద్దున అతను ఇచ్చినది కూడా పూర్తిగా మాది కాదని నాకు అప్పుడు తెలిసింది. కథ వచ్చింది, ఇక్కడివాళ్ళ ఇంట్లో పెరిగింది, ఇక్కడి మనిషయింది.

* * *

ఎండ ముదిరింది. మెట్ల నీడన కూర్చున్నాము. 1986 నుంచి 1993 దాకా భారత పురావస్తుశాఖ ఈ ఆలయంలో పనిచేసింది. వాళ్ళు రాతిని రసాయనాలతో కడిగిన తీరు మీద తరువాత చాలా విమర్శలొచ్చాయి. గైడు ఆ సంగతి ఎత్తలేదు. తాను చూసిన మొదటి విదేశీయులు ఆ పనివాళ్ళేననీ, యుద్ధం ఇంకా ఆగని రోజుల్లో వచ్చారనీ మాత్రం చెప్పాడు.

అమ్మ అడిగింది, "మీ అమ్మా నాన్నా ఉన్నారా బాబూ?"

అమ్మ ఉంది. తండ్రిని 1977లో, పోల్ పాట్ కాలంలో, పొలంలోంచి పిలుచుకుపోయారు. తిరిగి రాలేదు. అప్పుడు ఇతనికి నాలుగేళ్ళు. ముఖం గుర్తులేదు, ఫొటో లేదు, ఎక్కడ పాతిపెట్టారో తెలియదు.

"మరి ఏం చేస్తారు?" అంది అమ్మ. ఆ ప్రశ్నను ఎలా అనువదించాలో నాకు తెలియలేదు. ఏదో అడిగాను. అతనికి అర్థమైంది.

ఏటా ప్చుమ్ బెన్ అని పదిహేను రోజుల పండుగ వస్తుందట. పౌర్ణమి వెళ్ళిన మరునాడు మొదలై అమావాస్యకు ముగుస్తుంది. ఆ రోజుల్లో పితృదేవతలు ఆకలితో గుడి గుడికీ తిరుగుతూ తమవాళ్ళ కోసం వెతుక్కుంటారు. కాబట్టి తెల్లవారకముందే లేచి, అన్నం ముద్దలు చేసి, విహారం చుట్టూ తిరుగుతూ చీకట్లోకి విసురుతారు. 'బెన్' అంటే ఆ ముద్ద.

"అందులో నువ్వులు కలుపుతారా?" అని అమ్మ అడిగింది.

"కలుపుతాము" అన్నాడతను, ఆశ్చర్యంగా.

నెల పేరు అడిగాను. ఫొట్రొబొట్ అన్నాడు. రెండుసార్లు పలికించుకుంటే గాని నాకు తట్టలేదు. భాద్రపదం. బెన్ అంటే పిండం. సాధారణంగా మన మహాలయ పక్షాలూ, వాళ్ళ పండుగా ఒకే పదిహేను రోజులు.

"తండ్రి పోయిన తిథి తెలుసేమో అడుగు" అంది అమ్మ. తెలియదన్నాడు. "పరవాలేదని చెప్పు. తిథి తెలియనివాళ్ళకే మహాలయ అమావాస్య." చెప్పాను. అతను తల వంచి దండం పెట్టాడు. ఊహ తెలిసిన తరువాత ఒక్క ఏడు కూడా తప్పలేదట.

అమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంత తేలికగా ఉండేది. నాన్నగారి తిథి నాకు తెలుసు. ఆయన ఫొటోలు నా ఫోనులో వందకు పైగా ఉన్నాయి. సంవత్సరీకం అయ్యాక రెండు మహాలయాలు వచ్చి వెళ్ళాయి. 2017లో సెలవు దొరకలేదు. 2018లో నాకు గుర్తే లేదు. అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు. ఇంతదూరం టిక్కెట్లు కొని తీసుకొచ్చి బాకీ తీరుస్తున్నాననుకున్న నాకు, అసలు బాకీ ఎంత చిన్నదో ఆ మెట్ల మీద తెలిసింది. గుప్పెడు నువ్వులు, చెంబెడు నీళ్ళు, ఒక పొద్దు.

తిరుగుదారిలో గోపురం దగ్గర ఈసారి అమ్మ కంటే నేనే ముందు ఆగాను. ఆ ఎనిమిది చేతుల మూర్తిని అక్కడివాళ్ళు తా రీచ్ అంటారు. తా అంటే తాత, రీచ్ అంటే మన రాజే. ఆ చోటును కాచే తాతరాజు. ఒక కొత్త పెళ్ళిజంట అరటిపళ్ళు పెట్టి మొక్కుతోంది. అమ్మ వాళ్ళ వెనక నిలబడి, తన వంతు వచ్చాక గైడు ఇచ్చిన అగరువత్తులు వెలిగించింది. కుంకుమ పొట్లం తీసి, ఏమనుకుందో, మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. "వాళ్ళ పద్ధతి ఏదో అదే చేద్దాం" అంది.

నాన్నగారు ఉంటే ఏం చూసేవారా అని తరువాత చాలాసార్లు అనుకున్నాను. రాజుల పేర్లు, సంవత్సరాలు ఆయన నాకు చెప్పేవారు. ఆంజనేయుణ్ణి మాత్రం అమ్మే చూపించవలసి వచ్చేది.

2019 మహాలయ అమావాస్య నాడు మొదటిసారి తర్పణం వదిలాను. నమ్మి చేశానా అంటే జవాబు లేదు. పితరులందరి పేర్లూ అయిపోయిన తరువాత, చివర్లో, తమ కంటూ నీళ్ళు విడిచేవారెవరూ మిగలనివాళ్ళ కోసం ఒక దోసెడు వదలాలి. పురోహితుడు ఆ మాట చెప్పి నా కోసం ఆగాడు. కొడుకులు కూడా మిగలకుండా పోయిన ఆ దేశపు మనుషులు గుర్తొచ్చారు. ఆ దోసిలి మాత్రం ఎవరి కోసమో తెలిసే వదిలాను.