ఏటివాలు స్పానిష్

పెరూలోని యూరిమాగ్వాస్ రేవులో లాంచీ ఎప్పుడు కదులుతుందో చెప్పేది దానికి వేలాడే నల్లబల్ల. సుద్దతో 'ఓయ్' అని రాస్తే ఇవాళ, 'మన్యాన' అని రాస్తే రేపు. సరుకు నిండకపోతే రేపును తుడిచేసి మళ్లీ రేపనే రాస్తారు. పక్కన 'సిన్ ఫాల్తా', అంటే తప్పకుండా, అని చేర్చారంటే ఇంకాస్త అనుమానించాలి.

రోడ్డు ఈ ఊరిదాకానే. నేను చేరాల్సిన ఇకితోస్‌కు విమానంలోనో నదిమీదో వెళ్లాలి. ఇకితోస్ నుంచి నౌతాకు సుమారు 100 కిలోమీటర్ల తారురోడ్డు ఉందిగానీ, అది అక్కడితోనే సరి.

బయల్దేరే ముందు పడవ మాటలు కొన్ని వల్లెవేశాను. ముందుభాగం ప్రోఆ, వెనకభాగం పోపా, ఎడమవైపు బబోర్, కుడివైపు ఎస్త్రిబోర్. చివరి రెండూ ఎవరినోటా వినపడలేదు. ప్రోఆ, పోపా మాత్రం బాగా అక్కరకొచ్చాయి. ఎందుకంటే ఇక్కడ టిక్కెట్టు కొంటే దొరికేది సీటు కాదు, అమాకా అనే ఉయ్యాల కట్టుకునే చోటు. ఉయ్యాలా, దాని తాళ్లూ మనమే బజార్లో కొని తెచ్చుకోవాలి. పోపా వైపు కడితే ఇంజను మోత, వంటింటి పొగ, మరుగుదొడ్డి వాసన. గిన్నే చెంచా కూడా మనవే. గంట కొట్టగానే వాటితో వరసలో నిలబడాలి.

అసలు చదువు చెప్పింది పక్క ఉయ్యాల మామ్మగారు. కోళ్లబుట్టతో ఎక్కిన ఆవిడకు ప్రపంచంలో దిక్కులు రెండే. సుర్కార్ అంటే ఏటికి ఎదురెక్కడం, బహార్ అంటే వాలున దిగడం. చెల్లెలి ఊరు ఎక్కడంటే కింద, మందుల కొట్టు ఎక్కడంటే పైన. ఎగువా దిగువా ఎరిగిన గోదావరి ఒడ్డువాళ్లకు ఇది వింతేమీ కాదు. వాలున పోయే పడవ నడి ఏటి ప్రవాహాన్ని పట్టుకుంటుంది. ఎదురెక్కేది వడి తక్కువుండే గట్టు వారగా పోతుంది.

పలిసాదా అంటే కొట్టుకొచ్చే మానుల గుంపు. రాత్రిళ్లు మా లాంచీ ఉండుండి సర్చిలైటు వేసింది వాటికోసమే. చిన్న పడవల్లో ఆ కాపలా పుంతేరోది. ముందు కొసన కూర్చుని మొద్దులు కనిపెడుతూ, గెడతో లోతు చూస్తాడు. సుడిగుండం ముయునా, ఈ మాట కెచువా భాషది. మోటారు బిగించిన సన్నటి పడవ పెకె-పెకె. పేరుపెట్టింది దాని చప్పుడే.

ఊరు తగిలినప్పుడల్లా ఆడవాళ్లు ఎక్కి హువానె అమ్ముతారు. అన్నం, కోడిమాంసం బిహావో ఆకులో చుట్టి ఉడికించిన పొట్లం. పడవ వంటకంటే అదే నయం.

మేం బయల్దేరిన హుయాగా నది మరన్యోన్‌లో కలుస్తుంది. నౌతాకు కాస్త దిగువన మరన్యోన్, ఉకయాలీ కలిసి అమెజాన్ అవుతాయి. ఆ కూడలిలో ఫొటోలకోసం లేచింది నేనే. మామ్మగారు నిద్ర లేవలేదు.

ఇకితోస్‌లోని బెలేన్ పేటకు కాలాలు కూడా రెండే, ఏరు పొంగే క్రెసియెంతె, తగ్గే వసియాంతె. పొంగినప్పుడు వీధుల్లో పడవలు, తగ్గినప్పుడు అక్కడే బురద. కొన్ని ఇళ్లు నిలువు గుంజలమీద, కొన్ని దుంగల తెప్పలమీద. తెప్పలవి నీటితోపాటే లేస్తాయి, దిగుతాయి. నేను వెళ్లింది క్రెసియెంతెలో. పడవ నడిపే కుర్రాడు గడపల పక్కనుంచే తీసుకెళ్లాడు.

తిరిగి యూరిమాగ్వాస్ లాంచీకోసం రేవుకెళ్లాను. సుర్కార్ కదా, వచ్చినదానికంటే ఎక్కువ పడుతుందన్నారు. బల్లమీద మన్యాన సిన్ ఫాల్తా అని ఉంది. లీమాకు విమానం టిక్కెట్టు కొన్నాను.